కాన్సాస్ పట్టణమును మన ఏలూరును

రాత్రి తాడేపల్లిగూడెముననో ఏలూరుననో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లవారిన పిమ్మట హైదరాబాదులో దిగి, అమీర్‌పేట సందులలోని కోచింగు సంస్థల బోర్డులను తలయెత్తి చదువుకొనుచు నడచిన యువకులు మన ప్రాంతమున వీధికి నలుగురైనను ఉందురు. ఆ బోర్డులమీది పేర్లు మాత్రము అన్నకును తమ్మునికిని ఒక్కటి కావు. అన్న పోయిన నాడు స్ట్రట్స్ నేర్చినవానికే ఉద్యోగమనిరి. తమ్ముడు పోవునప్పటికి స్ప్రింగ్, హైబర్నేట్ అనిరి. పక్కసందులో డాట్‌నెట్ అనిరి. మేనల్లుడు పోయిన యేట నోడ్, ఎక్స్‌ప్రెస్‌లను కూర్చిన ‘ఫుల్ స్టాక్’ తప్ప తక్కినవన్నియు పాతబడినవని చెప్పి ఫీజు కట్టించుకొనిరి.

వెబ్‌సైటును చూచువాని ఫోనులో గాక, ఎక్కడనో యున్న సర్వరులో పనిచేయుచు, వచ్చిన అభ్యర్థనను చదివి, డేటాబేసులో వెదకి, జవాబును పేజీగా కూర్చి పంపు ప్రోగ్రామును ప్రతివాడును పునాదినుండి వ్రాసికొన నక్కఱలేకుండ, తాటాకింటికి దూలములును వాసములును ముందే చెక్కి యిచ్చినట్లు సిద్ధపఱచిన కట్టడమునకు ఫ్రేమ్‌వర్క్ అని పేరు. ఆ బోర్డులమీది పేర్లలో పెక్కు ఇట్టివానివే. వీని జయాపజయములు మనకేల యని పాఠకులు తలపవచ్చును గాని, అప్పుచేసి కొడుకును చదివించిన తండ్రికి ఈ పేర్ల హెచ్చుతగ్గులు ధాన్యపు ధరల హెచ్చుతగ్గులకన్న చిన్న విషయము కాదు.

నన్ను చాలకాలముగా ఆలోచింపజేయుచున్నది వీని పుట్టుక. పైథాన్ భాషలోని జాంగో అను ఫ్రేమ్‌వర్క్ ఏ మహానగరపు మహాసంస్థలోను పుట్టలేదు. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రమున, జనసంఖ్యలో మన ఏలూరుకన్న చిన్నదైన లారెన్స్ అను పట్టణమున, లారెన్స్ జర్నల్-వరల్డ్ అను స్థానిక వార్తాపత్రిక కార్యాలయములో, గంటలమీద కొత్త పేజీలు కావలెనను సంపాదకుల తొందరకు తట్టుకొనుటకై ఏడ్రియన్ హొలొవాటి, సైమన్ విల్లిసన్ అను ఇరువురు కల్పించుకొన్న పనిముట్టు అది. 2005లో దానిని లోకమునకు ఉచితముగా విడుదల చేసిరి. పీహెచ్‌పీ అను భాష కథ ఇంకను చిన్నది. 1994లో రాస్మస్ లెర్‌డోర్ఫ్ తన స్వపరిచయపత్రమును ఇంటర్నెట్టులో ఎవరెవరు చూచుచున్నారో గమనించుటకు వ్రాసికొన్న ప్రోగ్రాములే దాని బీజము. 2004 నాటి రెయిల్స్, డేవిడ్ హైనమైయర్ హాన్సన్ బేస్‌క్యాంప్ అను ప్రాజెక్టు నిర్వహణ సాధనమును కట్టుచు, దానినుండి విడదీసి యిచ్చినది. 2009లో రయన్ డాల్ నోడ్‌ను చేసినది కూడ, వేలకొలది కనెక్షన్లు ఒకేసారి వేచియున్నప్పుడు సర్వరు క్రుంగిపోవుచున్నదను స్పష్టమైన బాధతోనే. వీనిలో ప్రతిదానికిని ఒక చోటు, ఒక పని, ఒక బాధ గలవు. మనకు చేరునప్పటికి చోటును బాధయు రాలిపోయి పేరొక్కటే మిగులుచున్నది. ఆ పేరును ఉద్యోగప్రకటననుండి బోర్డుమీదికిని, బోర్డునుండి బయోడేటాలోనికిని మోసికొని పోవుచున్నాము.

కొల్లేటి చుట్టుపట్ల చెరువులు త్రవ్వినవారికి ఈ వేలంవెఱ్ఱి తెలియనిది కాదు. టైగర్ రొయ్యలో లాభమున్నదని కోస్తా ఎగబడుటయు, 1990లలో తెల్లమచ్చల వ్యాధి వచ్చి చెరువులు ఖాళీయగుటయు, 2009 తరువాత వనామీ రొయ్య దిగుటయు వారెఱుగుదురు. ఇన్ని చూచిన రైతు కొత్త రొయ్యపిల్లను వదలుటకు ముందు ఈ నీటికి అది ఆగునా యని, అర్ధరాత్రి ఆక్సిజన్ తగ్గినచో గట్టుమీద మేల్కొనియుండువాడెవడని అడుగును. వెబ్‌సైటు కట్టించుకొను మన కళాశాలలును, వర్తకులును, సహకార సంఘములును అడుగవలసినది అదియే, అడుగుటలేదు. నేనెఱిగిన ఒక చిన్న విద్యాసంస్థ ఆ యేటి కొత్త ఫ్రేమ్‌వర్క్‌లో సైటు కట్టించుకొన్నది. కట్టిన కుర్రవాడు బెంగుళూరు పోయెను. ప్రవేశముల తేదీ మార్చుటకైనను ఎవరికిని చేతకాక, గడచిన యేటి తేదీయే వేసవియంతయు నిలిచిపోయినది.

పాతదానిని పట్టుకొని కూర్చుండుటయు చాలదు. 2017 మార్చిలో స్ట్రట్స్‌లోని ఒక లోపమునకు మరమ్మతు వెలువడినను దానిని వేసికొనని ఈక్విఫాక్స్ అను అమెరికా ఋణసమాచార సంస్థనుండి సుమారు 14.7 కోట్లమంది వివరములు దొంగలపాలైనవి. కావలి యున్నచోట పాతది ఎంత దూరము నడచునో చూపుటకు తెలుగు వికీపీడియా గలదు. 2003 డిసెంబరులో మొదలైన ఆ విజ్ఞానసర్వస్వము పీహెచ్‌పీలో వ్రాసిన మీడియావికీమీదనే నేటికిని నడచుచున్నది. పీహెచ్‌పీ పని యైపోయినదని ఈలోపల ఎన్నిమారులు వింటిమో! 2011లో టేలర్ ఆట్‌వెల్ అదే భాషలో లారవెల్ కట్టగా, పోయినదనుకొన్న దానికి మరల గిరాకీ వచ్చినది.

నోడ్ నేర్వవలదని నేననను. కూలికిపోయి చదివించిన తల్లి గల పిల్లవానికి ప్రకటనలోని పేరు నేర్చుకొనక గత్యంతరము లేదు. వానిని తప్పుపట్టుట అన్యాయము. బాధ్యత పాఠ్యక్రమమును నిర్ణయించువారిది. అభ్యర్థన యెట్లు వచ్చును, కుకీ యేమి మోసికొని వచ్చును, డేటాబేసు నెట్లు ప్రశ్నింపవలెను, పాస్‌వర్డు నెట్లు భద్రపఱుపవలెను అనునవి స్ట్రట్స్ నాడును నేడును ఒక్కటియే. ఇవి గట్టిగా తెలిసినవానికి మఱొక ఫ్రేమ్‌వర్క్ కొన్ని వారముల పని.

ఏలూరులో 1989నుండి సర్ సి.ఆర్.రెడ్డి ఇంజనీరింగు కళాశాలయు, తాడేపల్లిగూడెమున 2015నుండి నిట్టును గలవు. కడపటి సంవత్సరపు ప్రాజెక్టు మార్కులు పడినతోడనే మూలపడుట మన రాష్ట్రమున అంతటను ఆచారమై పోయినది. అట్లుగాక, ఒక బ్యాచి కైకలూరు, ఆకివీడు చెరువుల రైతులు నీటిపరీక్షల లెక్కలు వ్రాసికొనుటకు సైటొకటి కట్టి, దానిని తరువాతి బ్యాచికి అప్పగింపవలెననియు, ఆ అప్పగింతకే మార్కులనియు నియమము పెట్టిన యెడల ఎంత మార్పు వచ్చును! నాలుగవ బ్యాచి చేతికి వచ్చిన నాడు పరీక్షకుడు ఫ్రేమ్‌వర్క్ పేరడుగ నక్కఱలేదు. తామెన్నడును చూడని సీనియరు వ్రాసిన వరుసలను ఆ పిల్లలు చదివి అర్థము చెప్పగలరా, తెల్లవారుజామున ఆక్సిజన్ లెక్క వేయబోయిన రైతు ఫోనులో ఆ పేజీ తెఱచుకొనుచున్నదా అను రెండే చూడవలెను.