ఆటకు పిలిచినవారు చదువుకు నిలుతురా?

నగరి పట్టణమున, మరమగ్గముల చప్పుడు పగలంతయు ఆగని ఒక వీధిలో, నా పూర్వశిష్యుడొకని యింట, గత వేసవి మధ్యాహ్నమున నేను విన్న ఒక ప్రశ్న నన్ను నేటికిని విడువకున్నది. అతని కుమార్తె అప్పుడే ఇంటర్మీడియట్ పరీక్షలు ముగించినది. రింగుకు తగిలి వెనుకకు ఎగిరివచ్చు బంతిని, తనకంటె పొడవైనవారి చేతులమీదుగా అందుకొనుటలో జిల్లాజట్టునందు ఆమెకు సాటివచ్చువారు లేరు. అందుచేత తిరుపతి, చెన్నై, బెంగుళూరు నగరములలోని మూడు విద్యాసంస్థలు ఒకదానితో నొకటి పోటీపడి, ఆమెను తమ బాస్కెట్‌బాల్ జట్టునకు రమ్మని కోరుచుండెను. చెన్నై నుండి వచ్చిన శిక్షకుడు మజ్జిగగ్లాసు క్రింద పెట్టి, ఫీజు లేదనియు, హాస్టలు ఉచితమనియు, ఏటేట రెండు జతల బూట్లు ఇత్తుమనియు, తెలుగును తమిళమును కలిపి ఓపికతో వివరించుచుండగా, మూలన కూర్చుండి కండెలు చుట్టుచున్న అవ్వ రాట్నము ఆపి తల యెత్తినది.

“అంతా బాగుండాది నాయనా. రేపు ఆడతా ఆడతా పాపకి కాలు ఇరిగితే చదువు చెప్తారా, ఇంటికి అంపేస్తారా?”

“అట్లా ఏమీ జరగదు పాటీ, మేం చూసుకుంటాం” అనెను శిక్షకుడు. అతడు మంచివాడు, అబద్ధమాడవలెనను తలంపు అతనికి లేదు. కాని అది సమాధానము కాదని అవ్వకు తెలిసెను, నాకును తెలిసెను. ఆమె నావైపు తిరిగి, “అయివారూ, మీరైనా చెప్పండి” అన్నప్పుడు, ముప్పదియేండ్లు పిల్లల చేత బంతి ఆడించిన నేను, చెప్పుటకు మాట లేక తల వంచుకొంటిని.

ఈ యాట మన సీమకు క్రొత్తది కాదు. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున, చలికాలమున నాలుగు గోడలమధ్య విసుగెత్తిన విద్యార్థుల కొరకు జేమ్స్ నైస్మిత్ అను ఉపాధ్యాయుడు, పీచుపండ్ల బుట్టలు రెండింటిని వ్యాయామశాల వసారాకు ఇరువైపుల తగిలించి, 13 నియమములతో దీనిని కల్పించెను. ఆ వసారా ఎత్తు పది అడుగులు కాగా, నేటికిని ప్రపంచమంతట రింగు ఎత్తు అంతే. వై.ఎం.సి.ఏ. వారివెంట సముద్రము దాటివచ్చిన ఈ క్రీడ, హారీ క్రో బక్ 1920లో మదరాసున నెలకొల్పిన వ్యాయామవిద్యా కళాశాల మూలమున దక్షిణదేశమున వేళ్లూనినది. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడినది మొదలు 1953లో ఆంధ్రరాష్ట్రము అవతరించువరకు మొదట మదరాసు రాజధానిలోను, పిదప మదరాసు రాష్ట్రములోను ఉండినదే. కావున మన పిల్లలను చెన్నపట్టణపు మైదానము పిలుచుట యనునది నిన్న మొన్న మొదలైన సంగతి కాదు. తిరుపతి నుండి సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కినవాడు మూడు నాలుగు గంటలలో చేరు దూరమే అది.

ఇంటిదగ్గరనే ఆడుకొనవలెనన్న అవకాశమును లేకపోలేదు. 1954లో వెలసిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమునకు అనుబంధమైన కళాశాలలు ఏటేట తమలో తాము హోరాహోరి పోరాడును; పోటీలు ముగిసి విశ్వవిద్యాలయపు జట్టును ఎంపిక చేయునప్పటికి, నిన్నటి ప్రత్యర్థులు నేడు ఒకే చొక్కా తొడిగి దక్షిణమండల పోటీలకు ఒకే రైలు ఎక్కుదురు. ఆడుపిల్లల విషయమున తిరుపతికి మరియొక విశేషము కలదు: 1983లో స్థాపింపబడిన శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయము స్వతంత్రమైనది గనుక, శేషాచలపు నీడలోని ఒకే పట్టణమున వేర్వేరు విశ్వవిద్యాలయముల ద్వారములు రెండు ఆమెకు ఎదురుగా నున్నవి. ఈ స్పర్ధ ఆరోగ్యకరమైనది. ఇందు ఓడినవారికిని ఆట మిగులును.

కాని గడచిన కొన్నేండ్లుగా ఈ స్పర్ధ స్వరూపము మారినది. విశ్వవిద్యాలయ క్రీడలలో సర్వప్రథమమైన సంస్థకు 1956-57 నుండి ఇచ్చుచున్న మౌలానా ఆజాద్ ట్రోఫీని దశాబ్దములపాటు ఎక్కువగా పంజాబు ప్రాంతపు పాత ప్రభుత్వ విశ్వవిద్యాలయములు తమలో తాము పంచుకొనుచుండగా, ఇప్పుడు ప్రైవేటు విశ్వవిద్యాలయములును దానికై పోటీపడి ముందునకు వచ్చుచున్నవి. 2020లో ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలు మొదలైన పిదప పతకములపై ఆసక్తి మరింత పెరిగినది. పతకము ప్రకటనకు పనికివచ్చును, ప్రకటన ప్రవేశములను పెంచును. కావున ఆటగాని కొరకు ఊరూరు తిరుగు శిక్షకులు నేడు నగరికి, పుత్తూరుకు, పలమనేరుకు కూడ వచ్చుచున్నారు.

ఇందలి మేలును నేను తక్కువ చేయను. మగ్గముమీద బ్రతుకు కుటుంబమునకు పట్టణపు కళాశాల ఫీజు ఎంత బరువో నగరిలో ఎవరిని అడిగినను చెప్పుదురు. ఆ బరువును బంతి మోయునెడల అంతకు మించిన సంతోషమేమి? చెన్నైలో ఆడి, భారత మహిళాజట్టునకు నాయకురాలై, దక్షిణ రైల్వేలో ఉద్యోగము చేయుచు, 2021లో పద్మశ్రీ అందుకొన్న అనితా పాల్‌దురై వంటివారి చరిత్ర విన్నప్పుడు, ఏ తండ్రి మనసైనను పొంగును. పిలుపు రావలసినదే, పిల్లలు పోవలసినదే. ఆ పిలుపులోని మాట ఎంతదూరము నిలుచునన్నదే అవ్వ అడిగినది, నేను అడుగుచున్నది.

నాకు ఈ భయము ఊరక పుట్టలేదు. నా చేతిక్రింద ఆడిన పీలేరు ప్రాంతపు రైతుబిడ్డ యొకడు, కొన్నేండ్లక్రిందట పొరుగురాష్ట్రమందలి ఒక కళాశాలలో క్రీడాకారుల సీటున చేరెను. రెండవయేట, సిమెంటు కోర్టుపై బంతి కొరకు ఎగిరి దిగునప్పుడు మోకాలు లోపలికి మడతపడి, లిగమెంటు తెగినది. చూచినవారు “టప్పుమని సద్దు వినపడె సార్” అని నాకు చెప్పిరి. శస్త్రచికిత్స తరువాత, చేతికర్రతో అతడు తరగతికి పోయిననాడు, ఆడనివానికి ఉచితము లేదని, మిగిలిన సంవత్సరముల ఫీజును హాస్టలు ఖర్చును కట్టుమని కార్యాలయమువారు తెలిపిరి. చదువు మానుకొని వచ్చెదనన్నను, అతని అసలు ధ్రువపత్రములు వారి బీరువాలోనే యుండెను. తండ్రి రెండు పాడియావులను సంతలో అమ్మి, ఆ కాగితములను విడిపించుకొని వచ్చెను. విద్యార్థి అసలు పత్రములను సంస్థలు తమవద్ద నిలుపుకొనరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2018లో స్పష్టముగా ఆదేశించినది. కాని ఆ యాదేశము సంగతి ఆ తండ్రికి చెప్పినవారు లేరు. చేరునాడు ఇచ్చిన మాటలన్నియు నోటిమాటలే కనుక, చూపుటకు అతనికడ ఒక్క చీటియైనను లేకపోయెను. ఆవులు పోయిన పాకను చూపుచు అతడు నాతో ఏమియు అనలేదు. ఆ మౌనము నాకు ఇంకను వినవచ్చుచున్నది.

ఈ యాటకు పుట్టినిల్లైన అమెరికా కూడ ఈ పాఠమును నెమ్మదిగానే నేర్చుకొన్నది. 1973 నుండి చాలకాలము అచ్చటి కళాశాలలు క్రీడావేతనమును ఏడాదికొకసారి మాత్రమే నిశ్చయించుచుండెను. శిక్షకునకు పనికిరాడని తోచిన ఆటగాని వేతనము మరుసటియేడు ఆగిపోవచ్చును. 2012లో బహువత్సర వేతనములకు అనుమతి దొరికినది. 2015 జనవరిలో, ఐదు ప్రధాన కూటములకు చెందిన విద్యాలయములు, ఆట తగ్గినదనిగాని గాయపడినాడనిగాని వేతనమును రద్దుచేయరాదని ఓటు వేసి నియమము చేసికొన్నవి. 2021 జులై నుండి ఆటగాడు తన పేరుమీద, ప్రఖ్యాతిమీద ధనమార్జింపవచ్చుననిరి. 2025 జూనులో న్యాయస్థానము ఆమోదించిన ఒప్పందముతో కళాశాలలే నేరుగా సొమ్ము చెల్లించు పద్ధతియు వచ్చినది. అచ్చటి కోట్ల డాలర్లు మనకు లేవు, వానితో మనకు పనియు లేదు. గాయపడినవానిని చదువునుండి వెళ్లగొట్టరాదను ఆ ఒక్క నియమమునకు మాత్రము పెద్ద ధనాగారము అక్కరలేదు.

ఆ దేశపు చరిత్రలోనే, కళాశాలను ఎన్నుకొనుట యెట్లో తెలుపు ఉదాహరణ మొకటి కలదు. మిస్సోరీ రాష్ట్రపు చిన్న పట్టణమున పుట్టిన బిల్ బ్రాడ్లీకి 75 కళాశాలలు వేతనమిత్తుమని ముందుకు వచ్చినవి. 1961లో అతడు డ్యూక్ విశ్వవిద్యాలయమునకు మాట యిచ్చి, ఆ వేసవిలో పాదము విరిగి మంచము పట్టినప్పుడు, ఆట లేనినాడు తనకేమి మిగులునని ఆలోచించి, క్రీడావేతనమే ఇయ్యని ప్రిన్స్‌టన్‌లో చేరెను. 1964లో టోక్యో ఒలింపిక్సున స్వర్ణము, అటుపై ఆక్స్‌ఫర్డున చదువు, న్యూయార్కు జట్టుతో 1970, 1973లలో వృత్తిజట్ల పోటీలలో విజేతృత్వము, తరువాత 18 ఏండ్లు సెనేట్ సభ్యత్వము అతనికి లభించినవి. కాని ఈ కథను మన పిల్లలకు చెప్పునప్పుడు ఒక సత్యమును దాచరాదు: బ్రాడ్లీ తండ్రి బ్యాంకు అధిపతి. వేతనమును కాదని చదువును కోరుకొను స్వేచ్ఛ ఆ యింటిలో ఉన్నది. నగరి నేతగాని యింటిలో, పీలేరు రైతు పాకలో అది లేదు. లేనివానికి ఆ స్వేచ్ఛకు బదులుగా కనీసము వ్రాతపూర్వకమైన భరోసా కావలెను.

కావున నేను కోరునది ఒక్క కాగితము. క్రీడాకారుల సీటున చేరు ప్రతి విద్యార్థికి, అతని తల్లిదండ్రులు చదువగల భాషలో, కళాశాల ముద్రతో, ప్రవేశపు రోజుననే అది అందవలెను. చదువు ముగియువరకు ఫీజు, వసతి కొనసాగుననియు, ఆటలో కలిగిన గాయము దానిని మాన్పదనియు అందు వ్రాయవలెను. ఆ గాయమునకు వైద్యము ఎవరి ఖర్చుతో జరుగునో చెప్పవలెను. తిరుపతిలో బర్డ్ వంటి ఎముకల ఆసుపత్రి యుండగా, మన విశ్వవిద్యాలయములు ఈ విషయమున ఒక ఏర్పాటు చేసికొనుట కష్టసాధ్యము కాదు. పోటీల తేదీలలో సెమిస్టరు పరీక్షలు వచ్చినప్పుడు, ఆడినవానికి మరల పరీక్ష ఎప్పుడు పెట్టుదురో తెలుపవలెను. అసలు పత్రములు సరిచూచిన వెంటనే తిరిగి యిత్తుమని సంతకము చేయవలెను. ఈ నాలుగు మాటలు లేని ప్రవేశమును భారత విశ్వవిద్యాలయముల సంఘము తన పోటీలలో గుర్తింపకుండునెడల, ఏడాది తిరుగకుండ దేశమంతట ఆ కాగితము వాడుకలోనికి వచ్చును.

ఇట్లు కట్టడి చేసినచో కళాశాలలు క్రీడాకారుల సీట్లే తగ్గించునని నా తోటి శిక్షకులు కొందరు భయపడుచున్నారు. వారి భయమును నేను తేలికగా త్రోయను. అయితే ఒక జట్టునకు పండ్రెండుగురు. అందు చదువునడుమ ఆట పూర్తిగా మానవలసి వచ్చువారు ఏటికి ఒక్కరో, లేకయుందురో. ఆ ఒక్కని భారమును మోయలేని సంస్థకు తక్కిన పదునొకండుగురి చెమటతో వచ్చు కప్పును అద్దాల బీరువాలో పెట్టుకొను అర్హత యెక్కడిది? ఆ భారము ఎవరో ఒకరు మోయుచునే యున్నారు. ఇప్పుడు మోయుచున్నవాడు పాడియావులు అమ్ముకొన్న రైతు.

నా వృత్తిలోనివారికిని ఒక విన్నపము. మన మైదానమున పెరిగిన బిడ్డను ఏ సంస్థ అడిగినను, ఆ బిడ్డను చేర్చినందుకు మనము ఏమియు పుచ్చుకొనరాదు. తల్లిదండ్రులతో కూడి హాస్టలుకు పోయి, అచ్చట గెలుపు ఫోటోలలోని తారలను కాక, గాయపడి బల్లమీద కూర్చున్న సీనియరును వెదకి, “నిన్ను ఎట్ల చూసుకుంటా ఉండారు?” అని అడుగవలెను. ఆ పిల్లవాని సమాధానముకంటె నమ్మదగిన ప్రకటన మరియొకటి లేదు.

నగరి బాలిక సంగతి చెప్పి ముగించెదను. మూడు సంస్థల శిక్షకులకును ఆమె తండ్రిచేత అవ్వ ప్రశ్ననే మరల అడిగించితిని. ఇద్దరు మరల నోటిమాటనే యిచ్చిరి. మూడవవారు రెండు దినములు గడువడిగి, ప్రిన్సిపాలుతో మాటలాడి, మీద చెప్పిన సంగతులను తెలుగున వ్రాయించి ముద్రవేయించి తెచ్చిరి. అందరికంటె తక్కువ ఇచ్చినది ఆ సంస్థయే. బూట్లు ఏటికి ఒక్క జతయే. బాలిక అందే చేరినది. చదువురాని అవ్వ ఆ కాగితమును మనుమరాలిచేత రెండుమారులు చదివించుకొని, మడిచి, ఇంటిపట్టాతోపాటు ట్రంకుపెట్టెలో ఉంచినది. ఆమె అడిగి తెచ్చుకొన్న ఆ కాగితము, వచ్చే ప్రవేశములనాటికి అడుగనివారికిని అందునట్లు చేయుట మన విశ్వవిద్యాలయముల విధి.