30 లక్షల డాలర్ల ప్రైజ్‌లో ఎస్.కోట పిల్లలకి దారి ఎటు?

శృంగవరపుకోట: ఫండమెంటల్ ఫిజిక్స్‌లో 2025 బ్రేక్‌త్రూ ప్రైజ్ 30 లక్షల డాలర్లు. సెర్న్‌లోని అట్లాస్, సీఎంఎస్, ఆలిస్, ఎల్‌హెచ్‌సీబీ ప్రయోగాల్లో పనిచేసిన 13,508 మందికి కలిపి ఇచ్చారు. తలా పంచితే 222 డాలర్లు, మంచి సెల్‌ఫోన్ కూడా రాదు. పంచుకోలేదు కూడా. సెర్న్ అండ్ సొసైటీ ఫౌండేషన్‌కి ఇచ్చేశారు. ఆ ప్రయోగాల్లో సభ్యత్వమున్న సంస్థల పీహెచ్‌డీ విద్యార్థులు సెర్న్‌కి వెళ్లి పనిచేయడానికి గ్రాంట్లుగా ఇస్తారు.

మెలికంతా ఆ సభ్యత్వం దగ్గరే. ఎస్.కోటలో బీఎస్సీ ఫిజిక్స్ చదివే అమ్మాయికి ఎన్ని మార్కులొచ్చినా, పీహెచ్‌డీ ఎక్కడ చేస్తుందన్నదే లెక్క. ఇంట్లోవాళ్లేమో డిగ్రీ అవ్వగానే బీఈడీ, లేదంటే బ్యాంకు కోచింగ్ అంటారు. అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీ ఆలిస్‌లో ఉంది. ఈ ప్రైజ్‌లో ఆలిస్ వాటా 5 లక్షల డాలర్లు.