గర్భిణి గోడు ఏ భాషలో?

నెలలు నిండిన కోడలికి తల పగిలిపోతోందంటే ‘వేడి చేసింది’ అంటారు. ఫిట్స్ వస్తే గాలి సోకిందని తాయెత్తు కడతారు. బళ్లారిలోనైనా బరంపురంలోనైనా ఇంకా కొన్ని ఇళ్లలో ఇదే తంతు. ఇరవై వారాలు దాటాక బీపీ 140/90కి చేరితే గుర్రపువాతం ముప్పు ఉన్నట్టే. బీపీ మామూలుగా ఉందని వదిలేయడమూ తప్పే. మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టినా తలనొప్పి, ఫిట్స్, చూపు మసకే. (బాలింతకు నీళ్లు తాగనివ్వని ఇళ్లలో ఈ భయం మరీ ఎక్కువ.) బిడ్డకు హాని అని ఎంఆర్ఐ వద్దంటారు గానీ, అందులో ఎక్స్‌రే కిరణాలే ఉండవు.

అసలు చిక్కు మాట దగ్గర. కళ్లు బైర్లు కమ్ముతున్నాయని కన్నడంలోనో ఒడియాలోనో చెప్పలేక ఆ పిల్ల ‘తలనొప్పి’ అని ఊరుకుంటుంది. డాక్టరు బిళ్ల రాసి పంపేస్తాడు. ఉగాదికి శాలువాలు కప్పే మన సంఘాలు, ప్రసూతి వార్డులో తెలుగు తెలిసిన నర్సు ఒకరుండాలని అడగలేవా?