తీర్మానాల పుస్తకం అడిగి చదవండి

జూన్ 12న తెలంగాణలో బడులు తెరుస్తారు. అంతకు ముందు నుంచే మెదక్ గల్లీల్లో రెండు రకాల మనుషులు ఇల్లిల్లూ తిరుగుతుంటారు. టై కట్టుకున్న పిల్లల ఫొటోలున్న రంగు కరపత్రాలు పంచే ప్రైవేటు బడుల వాళ్లు ఒకరు. ఎండలో బడిబాట బ్యానరు పట్టుకుని వచ్చే సర్కారు టీచర్లు ఇంకొకరు. మొదటివాళ్లకు కుర్చీ వేస్తాం, మంచినీళ్లిస్తాం. రెండోవాళ్లను గడప అవతలే నిలబెట్టి "చూద్దాం సార్" అని పంపేస్తాం. టెట్ పాసై, డీఎస్సీలో వేలమందితో పోటీపడి నెగ్గిన మనిషి మన బిడ్డకు చదువు చెప్తానని మన గుమ్మం ముందుకొస్తే మనం చేసే మర్యాద అది. ఆ టీచరు బీఈడీ ఎక్కడ చేశాడని అడుగుతాం. ప్రైవేటు బడిలో పాఠం చెప్పేవాళ్లు ఏం చదివారో ఒక్కరం అడగం. ఈ తీరు చూస్తే నాకు కడుపు మండుతుంది.

ఈ వ్యాసం సర్కారు బడిని పొగడటానికి రాయడం లేదు. ఆ బడి మీద మనకున్న అధికారం ఎంతో, దాన్ని మన చేతుల్లోంచి ఎవరు లాక్కున్నారో, మనం ఎందుకు లాక్కోనిచ్చామో చెప్పడానికి రాస్తున్నాను.

ముందు చేర్పించే సంగతి. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలెవరినైనా వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాల్సిందే. పుట్టిన సర్టిఫికెట్ లేదని తిప్పి పంపకూడదు. ఆసుపత్రి రిజిస్టరో, ఏఎన్ఎం రికార్డో, అంగన్‌వాడీ పుస్తకమో ఉంటే సరే, అవేవీ లేకపోతే తల్లిదండ్రులు రాసిచ్చే డిక్లరేషన్ చాలు. ఆధార్ లేదన్న సాకూ చెల్లదు. బడిలో చేరడానికి ఆధార్ తప్పనిసరి కాదని 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అడ్మిషన్ల టైం అయిపోయిందన్న మాటా నిలవదు. నవంబరులో ఇటుక బట్టీ పనికి వలస వచ్చిన కుటుంబం పిల్లవాడినైనా నవంబరులోనే చేర్చుకోవాలి, వెనకబడి ఉంటే ప్రత్యేకంగా చదువు చెప్పాలి. పిల్లలకు పరీక్ష పెట్టి, తల్లిదండ్రులను ఇంటర్వ్యూ చేసి సీటివ్వడం సర్కారు బడికైనా ప్రైవేటు బడికైనా నేరమే. మొదటిసారి 25 వేలు, ఆ తర్వాత ప్రతిసారీ 50 వేల దాకా జరిమానా అని చట్టంలో ఉంది. ఆరేళ్ల పసివాడి చేత ఏబీసీడీలు చెప్పించుకుని "చూసి చెప్తాం" అనే బడుల ముందు చేతులు కట్టుకుని నిలబడే తల్లిదండ్రులకు ఈ మాట తెలియదు. వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఇక టీసీ. ప్రైవేటు బడి నుంచి సర్కారు బడికి మార్చుదామనుకున్న ఎన్నో కుటుంబాలు ఆగిపోయేది ఈ ఒక్క కాగితం దగ్గరే. ఒక ప్రైవేటు బడి ఆఫీసు గదిలో నేను కళ్లారా చూశాను. తల్లి కౌంటరు ముందు నిలబడి ఉంది, పక్కన ఐదో తరగతి పాప. గుమాస్తా తలెత్తకుండానే "బ్యాలెన్స్ క్లియర్ చేసి తీసుకెళ్లమ్మా" అన్నాడు. ఆమె ఫోను తీసి ఒకరి తర్వాత ఒకరికి చేస్తూ పోయింది. అప్పు దొరకలేదు. పాపను తీసుకుని వెళ్లిపోయింది. పుస్తెలతాడు తాకట్టు పెట్టుకున్నట్టు పిల్ల చదువు కాగితాన్ని తాకట్టు పెట్టుకునే హక్కు ఈ దేశంలో ఏ బడికీ లేదు. చట్టంలోని ఐదో సెక్షన్ రెండు మాటలు చెప్తుంది. వేరే బడికి మారతామంటే హెడ్‌మాస్టరు వెంటనే టీసీ ఇవ్వాలి. ఆ టీసీ రావడం ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోకుండా ఉండకూడదు. ఎనిమిదో తరగతి దాకా ఈ రక్షణ ఉంది. ఫీజు బాకీ ఉంటే అది పెద్దల మధ్య లెక్క, దానికి వేరే దారులున్నాయి. కాబట్టి టీసీ లేకుండానే పిల్లను తీసుకెళ్లి సర్కారు బడిలో కూర్చోబెట్టండి. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఈ సెక్షన్ వర్తించదు. వాళ్ల టీసీ విషయం ఏప్రిల్‌లోనే చూసుకోండి.

చేర్పించడంతో మన పని అయిపోయిందనుకుంటాం. అసలు పని అక్కడే మొదలవుతుంది, నా కోపమంతా దాని గురించే.

చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం ప్రతి సర్కారు బడికీ యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే. మొత్తం సభ్యుల్లో సగం ఆడవాళ్లు. మన రాష్ట్రంలో తరగతికి ముగ్గురు తల్లిదండ్రులను ఎన్నుకుంటారు, ఆ ముగ్గురిలో ఇద్దరు మహిళలు ఉండాలి. ఈ కమిటీ సలహా సంఘం కాదు. బడి ఎలా నడుస్తున్నదో కనిపెట్టాలి, వచ్చిన నిధులు దేనికి ఖర్చయ్యాయో చూడాలి, టీచర్లు వేళకు వస్తున్నారో లేదో, మధ్యాహ్న భోజనం సరిగా ఉందో లేదో చూడాలి. మూడేళ్లకు సరిపడా బడి అభివృద్ధి ప్రణాళిక రాయాలి. ఆర్థిక సంవత్సరం ముగియడానికి మూడు నెలల ముందే, అంటే డిసెంబరు నెలాఖరులోగా అది సిద్ధం కావాలి. గది కావాలా, మరుగుదొడ్డి కావాలా, ఇంకో టీచరు కావాలా, ఆ ప్రణాళికలో రాసి అడగాల్సింది తల్లిదండ్రులే.

జరిగేది ఏమిటి? బీడీలు చుట్టే తల్లి గుమ్మంలో చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ ఉంటుంది. బడి నుంచి ఓ పిల్లవాడు పొడుగాటి రిజిస్టరు పట్టుకొస్తాడు. "సారు సంతకం పెట్టమన్నడు." పేజీ పైన తేదీ ఉంటుంది, హాజరైన సభ్యులు అని ఉంటుంది, మధ్యలో అంతా తెల్లగా ఉంటుంది. ఆమె కత్తెర పక్కన పెట్టి, వేలికంటిన ఆకు నలుసు కొంగుకు తుడుచుకుని, చూపించిన చోట పేరు రాసి మళ్లీ కత్తెర అందుకుంటుంది. జరగని సమావేశానికి ఆమె హాజరైంది. తర్వాత ఆ తెల్లటి చోటులో ఏ తీర్మానం రాస్తారో ఆమెకు తెలియదు. చట్టం ఆమెకిచ్చిన అధికారమంతా ఆ ఒక్క సంతకంతో వేరేవాళ్ల చేతుల్లోకి పోయింది. ఇది మోసం. చిన్న మోసం అంటే నేను ఒప్పుకోను. చదువుకోని తల్లిని బిడ్డ చదువు పేరుతోనే మోసగించడం కంటే హీనమైన పని బడి ఆవరణలో ఇంకొకటి లేదు.

పైనున్నవాళ్లు తక్కువ తిన్నారా? ఈ కమిటీల గడువు రెండేళ్లు. 2019 నవంబరులో ఎన్నికైన కమిటీలనే పొడిగిస్తూ పొడిగిస్తూ లాగి, మళ్లీ ఎన్నికలు పెట్టింది 2024 జనవరిలో. ఆ మధ్యలో పిల్లలు బడి మారి వెళ్లిపోయిన తల్లిదండ్రులు కూడా కాగితం మీద సభ్యులుగానే మిగిలారు. ఎన్నికలు జరిగిన వెంటనే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలంటూ కొత్తవి పెట్టారు. మహిళా సంఘాల సమాఖ్య అధ్యక్షురాలు చైర్‌పర్సన్, హెడ్‌మాస్టరు కన్వీనరు, తల్లులు సభ్యులు. తాగునీరు, మరుగుదొడ్లు, కరెంటు, చిన్న మరమ్మతుల పనులు దానికి అప్పగించారు. తల్లుల చేతికి పని ఇవ్వడం మంచిదే, నేను కాదనను. కానీ చట్టబద్ధంగా ఎన్నికైన కమిటీని పక్కన కూర్చోబెట్టి డబ్బున్న పనులు ఇంకో కమిటీకి ఇస్తే, ఏది ఎవరిని అడగాలో తల్లులకు ఎలా తెలుస్తుంది? రెండు కమిటీలున్న బడిలో జవాబు చెప్పేవాళ్లు ఒక్కరూ దొరకరు.

డబ్బు సంగతీ తెలుసుకోండి. సమగ్ర శిక్ష కింద బడికి ఏటా కాంపోజిట్ గ్రాంటు వస్తుంది. 30 మంది దాకా ఉంటే 10 వేలు, 100 దాకా 25 వేలు, 250 దాకా 50 వేలు, వెయ్యి దాకా 75 వేలు, అంతకు మించితే లక్ష. అందులో పదో వంతు పరిశుభ్రతకు వాడాలి. దీనికి తోడు పారిశుద్ధ్యం కోసం 2024 నుంచి రాష్ట్ర ప్రభుత్వం పిల్లల సంఖ్యను బట్టి నెలకు 3 వేల నుంచి 20 వేల దాకా కేటాయించింది. ఈ అంకెలు పొయ్యి దగ్గర గోడ మీద రాసి పెట్టుకోండి. 150 మంది చదివే బడిలో ఆడపిల్లల మరుగుదొడ్డికి గడియ లేకపోతే, ఆ ఏడాది వచ్చిన డబ్బు ఎటు పోయిందో అడిగే హక్కు అక్కడి తల్లులది. గ్రాంటు రాలేదని హెడ్‌మాస్టరు చెప్తే, అది నిజమే కావచ్చు, ఎన్నోసార్లు ఆలస్యంగానే వస్తుంది. అప్పుడు రాలేదని తీర్మానం రాసి పైకి పంపమనండి. అడిగే కమిటీ ఉంటే నిజాయితీగల హెడ్‌మాస్టరుకు బలం పెరుగుతుంది. మంచి టీచర్లు ఒంటరిగా పోరాడి అలసిపోయిన బడులు ఎన్ని లేవు!

"అక్కడ చదువు రావడం లేదు కదా" అంటారు. నిజం. 2022 అసర్ సర్వేలో తెలంగాణ సర్కారు బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు పదిమందికి ఒకరు కూడా తేలలేదు. దాన్ని దాచిపెట్టి సర్కారు బడిని సమర్థించేవాళ్లు దానికి మేలు చేయడం లేదు. కరోనా మూతలు ఒక కారణం. ఇంకో కారణం కూడా చూడండి. 2017లో టీచర్ల భర్తీ ప్రకటన వచ్చాక, పెద్ద ఎత్తున మళ్లీ భర్తీ జరిగింది 2024లో, 11,062 పోస్టులకు. ఈ ఏడేళ్లలో ఒకే టీచరు ఐదు తరగతులను ఒకే గదిలో పెట్టుకుని నెట్టుకొచ్చిన బడులు ఉన్నాయి. ప్రాథమిక బడిలో 60 మంది పిల్లల దాకా కనీసం ఇద్దరు టీచర్లు ఉండాలని చట్టంలోనే ఉంది. ఆ మాట పట్టుకుని ఎంతమంది తల్లిదండ్రులం కలెక్టరేట్ మెట్లెక్కాం? అడగగలిగినవాళ్లంతా అప్పటికే పిల్లలను బస్సెక్కించి ప్రైవేటుకు పంపేశారు. కూలికి పోతే తప్ప పొద్దుగడవనివాళ్లు మిగిలారు. గొంతున్నవాళ్లు వెళ్లిపోయిన బడి గొంతు పోగొట్టుకుంది. 2024-25లో తెలంగాణలో ఒక్క పిల్లా చేరని బడులు 2,245 అని కేంద్రం లెక్కలే చెప్పాయి.

బడిని ఇలా వదిలేయడం మెదక్‌కు మరీ తగని పని. నిజాం పాలనలో ఖాన్గీ (ప్రైవేటు) బడి పెట్టుకోవాలన్నా సర్కారు అనుమతి కావాల్సిన రోజుల్లో, తెలుగు పిల్లలకు తెలుగులో చదువు కావాలని కొట్లాడిన ఆంధ్ర మహాసభ మొట్టమొదట కూడింది ఈ పాత మెదక్ జిల్లా జోగిపేటలోనే. 1930లో, సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన. ఇంటికి కిలోమీటరు దూరంలో ప్రాథమిక బడి, మూడు కిలోమీటర్లలో ఉన్నత ప్రాథమిక తరగతులు ఉండాలన్న నియమం మనకు ఇప్పుడు ఉంది. పుస్తకాలు ఉచితం, రెండు జతల బట్టలు ఉచితం, మధ్యాహ్నం అన్నం, వారానికి మూడు గుడ్లు. ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్ ఉన్న పాఠ్యపుస్తకాలు కూడా వచ్చాయి. ఇంగ్లిష్ మీడియం కోసమే ప్రైవేటుకు పంపుతున్నామన్న మాట 2022 నుంచే చెల్లదు.

సర్కారు జీతం తీసుకునే ఉద్యోగులకు, ప్రజాప్రతినిధులకు ఒక మాట. ప్రభుత్వ ఖజానా నుంచి జీతభత్యాలు పొందే ప్రతి ఒక్కరూ పిల్లలను ప్రభుత్వ ప్రాథమిక బడుల్లోనే చదివించాలని 2015 ఆగస్టులో అలహాబాద్ హైకోర్టు జస్టిస్ సుధీర్ అగర్వాల్ ఉత్తర్‌ప్రదేశ్ ప్రభుత్వాన్ని ఆదేశించారు. అది అక్కడే అమలు కాలేదు. ఇక్కడ దాన్ని ఎవరూ తలుచుకోను కూడా లేదు. సర్కారు బడిలో పాఠం చెప్పే టీచరే తన బిడ్డను ఇంకో బడికి పంపుతుంటే, బడిబాట బ్యానరు పట్టుకున్న ఆ చేతిని ఏ తల్లి నమ్మాలి? ఇది నేను నిష్ఠూరంగానే అడుగుతున్నాను. మీ పిల్లలు ఆ బెంచీల మీద కూర్చున్న రోజున మరుగుదొడ్డి గడియకు మూడేళ్లు పట్టదు.

పక్క రాష్ట్రంలో 2024 డిసెంబరు 7న ఒకే రోజు అన్ని సర్కారు బడుల్లో తల్లిదండ్రుల సమావేశాలు పెట్టారు. మంచిదే, కానీ ఒక రోజు పండుగతో బడి మారదు. మన దగ్గర నెలనెలా మూడో శనివారం తల్లిదండ్రుల సమావేశం ఉండాలని విద్యా క్యాలెండరులోనే రాశారు. వచ్చే మూడో శనివారం పని మానుకుని వెళ్లండి, ఇద్దరు ముగ్గురు తల్లులు కలిసి వెళ్లండి. పిల్లవాడి చేత వాచకం తెరిపించి మీ ఎదుటే చదివించండి. కమిటీ తీర్మానాల పుస్తకం అడిగి తీసుకుని, చదువు రానివాళ్లు చదువొచ్చిన వాళ్లతో చదివించుకుని, గ్రాంటు లెక్క చూసి, ఆ తర్వాతే సంతకం పెట్టండి. ఖాళీ పేజీ మీద ఎవరు అడిగినా పెట్టకండి. పుస్తకం చూపించకపోతే ఎంఈవోకు రాతపూర్వకంగా ఇవ్వండి. అక్కడా కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది. చట్టంలోని 32వ సెక్షన్ ప్రకారం మీ ఫిర్యాదును మూడు నెలల్లో తేల్చాలి. అర్జీ ఇచ్చాక రసీదు చేతికి వచ్చేదాకా కౌంటరు దగ్గర నుంచి కదలకండి.