తాళము తప్పిన చోటు

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకు లోయలో పండుగలకును పెండ్లిండ్లకును గిరిజన స్త్రీలు ధింసా యాడుదురు. ఒకరి వీపు వెనుకనుండి మఱియొకరు చేతులు పట్టుకొని, గొలుసువలె వరుస కట్టి, డప్పు, తుడుము, మోరి మొదలగు వాద్యముల కనుగుణముగా అడుగులు వేయుదురు. ఆ వరుసలో ఒకతె అడుగు తడబడినచో, ఆ తడబాటు ప్రక్కయామెకు ప్రాకును. చూచువారికి కలత వరుస కొసను కనబడును. తప్పు పుట్టినది మాత్రము నడుమ నెక్కడనో!

కంప్యూటరునకు వ్రాయు ఆజ్ఞల వరుసను ప్రోగ్రాము అందురు. అందలి దోషమును వెదకి తీయుటకు డీబగ్గింగు అని పేరు. బగ్ అనగా పురుగు. 1947లో హార్వర్డు విశ్వవిద్యాలయపు మార్క్-2 యంత్రములో నిజముగనే ఒక రెక్కల పురుగు చిక్కుకొనగా, అచ్చటివారు దానిని తీసి దినచర్య పుస్తకమున అంటించిరి. పేరు మాత్రము అంతకు మునుపటిదే.

అన్ని దోషములును అట్లు కంటికి దొరకవు. 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని దహ్రానులో అమెరికావారి పేట్రియట్ వ్యవస్థ ఎదురువచ్చు క్షిపణిని అడ్డలేకపోయెను. 28 మంది సైనికులు మరణించిరి. ఆ యంత్రము కాలమును సెకనులో పదవ వంతుల చొప్పున లెక్కించెడిది. ద్విసంఖ్యామానమున పదవ వంతు తెగని భిన్నము, కొసను కత్తిరింపవలసినదే. ఆ కొఱత అతిసూక్ష్మమైనను, సుమారు 100 గంటలకు సెకనులో మూడవ వంతయ్యెను. అంతలో క్షిపణి అరకిలోమీటరు దాటిపోవును.

లయ జారుటయు నిట్టిదే. ఆదితాళమున ఆవర్తమునకు 8 అక్షరములు. మృదంగ విద్యార్థి నడుమ అర అక్షరము పోగొట్టుకొన్నచో, అది సమమునకు వచ్చునప్పుడు బయటపడును. మంచి గురువు సమమునే మరల మరల వాయింపుమనడు. సరిగానున్నంతవరకు వెనుకకు తీసికొనిపోయి, చేతితో తాళము వేయుచు నెమ్మదిగా వాయింపించును. ప్రోగ్రాము సరిచేయువారి పద్ధతియు నదియే. నడుమ పంక్తివరకు సరిగానున్నదా యని చూతురు. ఉన్నచో దోషము రెండవ సగమున నున్నది. దానిని మరల సగము చేయుదురు. ఇట్లు 1000 పంక్తులలోని తప్పు తఱచుగా పది పరీక్షలలో చిక్కును.

ఒక భేదము కలదు. ధింసాలో తడబడినయామెను ఇరుప్రక్కల చేతులు నిలుపును. రెండు మూడడుగులలో ఆమె వరుసలో కలియును. యంత్రమునకు అట్టి ఆదరువు లేదు.

ధింసాను యాత్రికుల వినోదముగా మాత్రమే యెంచుట పొరపాటు. చిన్ననాటనే ఆ వరుసలో నిలిచిన బాలికకు, తప్పు తోచిన చోటు వేఱు, పుట్టిన చోటు వేఱని కాళ్ళే నేర్పినవి. ఆమె పాఠశాలలో కంప్యూటరు ముందు కూర్చున్నపుడు, ఏమియు నెఱుగనిదానిగా చూచుట న్యాయము కాదు. ఉపాధ్యాయుడు తుడుము తెప్పించి, నడుమ నొక దెబ్బ విడిచి మ్రోగించి, అది యెచ్చట పోయినదో చెప్పుమని తరగతిని అడుగవచ్చును.