కొలువులోని కొండ

సంక్రాంతి వచ్చినదనగా గోదావరి సీమలోని పాత లోగిళ్లలో అటకమీది పెట్టె క్రిందికి దిగును. పాత పంచెగుడ్డలలో చుట్టియుంచిన బొమ్మలు ఒక్కొక్కటే వెలికివచ్చి భోగినాటికి మెట్లమీద కొలువుదీరును. పై మెట్లపై దేవతలు, దిగువను పెండ్లివారు, సెట్టి, సెట్టెమ్మ. అడుగున నేలపై ఒక చిన్న పల్లె: కొండ, గుడి, నూతిగట్టు, వంతెన. పళ్లెములో మొలకెత్తిన ఆవాలే ఆ పల్లెకు పంటచేలు.

పాత వస్తువులపై మక్కువగలవారు ఇట్టి బొమ్మలను వెదకి కొనుట మంచిదే. అటకపై చెదలపాలగుటకంటె ఆదరించువారి యింట చేరుట మేలు. అయితే కొనువారి చేయి కొండపల్లి అంబారీ యేనుగుపైకి పోవును గాని, రంగు రాలి తెల్లబారిన ప్లాస్టరు కొండపైకి పోదు. బొమ్మలు తరలిపోయిన పిమ్మట అమ్మినవారికిని ఆ కొండతో పనిలేదు. తుదకది పెంటపై చేరును.

మా మనవి ఆ కొండను గూర్చియే. తెల్లపొణికి కర్రతో ఏనుగులను చేయు పనివారు కొండపల్లిలో నేటికిని గలరు. ఏనుగు పోయినచో మరియొకటి కొనవచ్చును. కొండను, రేవును, కాలువ వంతెనను పెక్కిండ్లలో ఇంటివారే చేసికొనిరి. తమ యూరి రేవుకు మెట్లెటువైపు నున్నవో, గుడి గట్టుకెంత దూరమో చూచి చేసిరి. వాటికి రెండవ ప్రతి లేదు.

ఈ మాటను ఇతర దేశములవారు మనకంటె ముందుగా గ్రహించిరి. ఆంగ్ల రచయిత హెచ్.జి.వెల్స్ 1913లో బొమ్మసైనికుల యుద్ధక్రీడకు నియమములను వ్రాసి గ్రంథముగా ప్రకటించెను. అట్టి ఆటలాడువారిలో నేడు సైనికులనే కాక, పాతకాలపు ప్లాస్టరు కొండలను, పాడుగోడలను సైతము వెదకి దాచుకొనువారు గలరు. నేల లేనిదే సైనికుడు నిలువడని వారెరుగుదురు.

ప్లాస్టరు స్వభావమును తెలిసికొనిన దానిని కాపాడుట కష్టము కాదు. జిప్సమను ఖనిజమును సుమారు 150 డిగ్రీల వేడిలో కాల్చగా అందలి నీటిలో ముప్పాతిక వంతు పోయి పొడియగును. ఆ పొడి మరల నీటితో కలిసి గట్టిపడును. గట్టిపడిన పిదప మాత్రము నీరే దానికి శత్రువు. కావున తడిగుడ్డతో తుడువరాదు; మెత్తని పొడికుంచెతో దుమ్ము దులిపిన చాలును. క్రొత్త రంగు పూయరాదు. పాత రంగే దాని వయస్సునకు సాక్ష్యము. విరిగిన ముక్కలను పారవేయక వెంటనే దాచవలెను. పెట్టెను నేలపై నుంచరాదు. 1986 ఆగస్టు నాటి గోదావరి వరదను చూచినవారికి ఈ మాట వేరుగా చెప్పనక్కరలేదు.

రాజమహేంద్రవరమున గ్రంథములకు గౌతమీ గ్రంథాలయము గలదు. దామెర్ల రామారావు చిత్రములకు చిత్రశాల గలదు. కొండతో, రేవుతో, ఆవాల పళ్లెముతో కూడిన ఒక సంపూర్ణమైన కొలువునకు అట్టి చోటేదేని నొక గది కేటాయించుట పెద్ద వ్యయముతో కూడిన పని కాదు.

అంతవరకు ఇల్లాండ్రు చేయదగినది యొకటి గలదు. కనుమ వెళ్లి పెట్టె మరల అటకెక్కకముందే కొలువునంతటిని ఛాయాచిత్రము తీయించి, ఏ బొమ్మ ఎవరు తెచ్చినది, ఏ కొండ ఎవరు చేసినది ఒక కాగితముపై వ్రాసి పెట్టెలో నుంచవలెను. ఇయ్యదలచినచో కొండతో సహా ఒక్కరికే ఇయ్యవలెను.