అనుభవం కాదు, కొలత చూపించండి

హైడ్రోజన్ అణువుతోనే మొదలుపెడతాను. రెండు ప్రోటాన్లు, రెండు ఎలక్ట్రాన్లు, అంతే. ఇంటర్మీడియట్ పుస్తకంలో రెండు Hల మధ్య ఒక గీత గీసి వదిలేస్తారు. ప్రతి ఎలక్ట్రాన్ రెండోదాని సగటు ప్రభావంలో మాత్రమే తిరుగుతోందని అనుకుని వేసే లెక్కను హార్ట్రీ-ఫాక్ పద్ధతి అంటారు. అందులో బంధం విలువ 3.64 ఎలక్ట్రాన్ వోల్టులు. నిజానికి అది 4.75. తేడా వచ్చిన ఆ 1.1 ఎలక్ట్రాన్ వోల్టు, ఎలక్ట్రాన్లు క్షణక్షణం ఒకదాన్నొకటి తప్పుకుంటూ తిరగడం వల్ల కలిగే లాభం. దాని పేరే సహసంబంధ శక్తి. ఫ్లోరిన్ దగ్గర పరిస్థితి మరీ ఘోరం. రెండు ఫ్లోరిన్ పరమాణువులు కలిసి ఉండటం కన్నా విడిగా ఉండటమే మేలని ఆ లెక్క చెబుతుంది!

రసాయనశాస్త్రానికి ప్రాణం లాంటి ఈ విషయాన్ని ఎలా నడిపిస్తున్నారో చూడండి. అణువు కాస్త క్లిష్టమైతే ఎలక్ట్రాన్లన్నిటినీ పూర్తిగా లెక్కించడం కుదరదు. కొన్ని ఆర్బిటాల్స్‌ను ఏరి, వాటి మధ్యే జాగ్రత్తగా లెక్క వేస్తారు. ఫలితమంతా ఆ ఏరికమీదే ఆధారపడి ఉంటుంది. మరి ఏ ఆర్బిటాల్స్ ఏరాలో తేల్చేదెవరు? చాలాచోట్ల ఇప్పటికీ పరిశోధకుడి కన్ను. ఒక సదస్సులో "ఇవే ఎందుకు తీసుకున్నారండీ?" అని అడిగితే, "అనుభవం మీద తెలుస్తుంది" అని జవాబు. అనుభవాన్ని నేను గౌరవిస్తాను. కానీ కొలవగలిగిన చోట అనుభవం పేరు చెప్పడం శాస్త్రం కాదు, పెత్తనం.

కొలవవచ్చు. ఇదేమీ రహస్యం కాదు. ఏ ఆర్బిటాల్‌కైనా నాలుగే స్థితులు: ఖాళీ, పైకి స్పిన్ ఉన్న ఎలక్ట్రాన్, కిందికి స్పిన్ ఉన్నది, రెండూ కలిసి. ఒక్కో స్థితి సంభావ్యత ఎంతో తెలిస్తే ఆ ఆర్బిటాల్ ఎంట్రపీ తెలుస్తుంది. అది సున్నా నుంచి 1.386 దాకా, అంటే 4కి సహజ లాగరిథమ్ దాకా ఉంటుంది. విలువ సున్నాకు దగ్గరగా ఉంటే ఆ ఆర్బిటాల్ మిగతావాటితో సంబంధం లేకుండా ఉన్నట్టు. పెద్దదైతే, దాన్ని వదిలేసి అణువు గురించి మాట్లాడే హక్కు మనకు లేదు. ఏ రెండు ఆర్బిటాల్స్ ఎంతగా ముడిపడ్డాయో పరస్పర సమాచారం అనే కొలత చెబుతుంది. లెగెజా, షోయోమ్ 2003లో, రిస్లర్, నోక్, వైట్ 2006లో ఈ దారి వేశారు. 2016లో స్టైన్, రైహర్ ఈ ఎంట్రపీల ఆధారంగా ఏరికను యంత్రానికే అప్పగించే పద్ధతి ఇచ్చారు.

"కొలవాలంటే ముందు తరంగ ప్రమేయం కావాలి కదా, అది తెలిస్తే ఇక ఏరడమెందుకు?" అంటారు. ఆ వాదన చెల్లదు. డీఎంఆర్‌జీ అనే ఉజ్జాయింపు పద్ధతితో తొందరగా వేసిన ముతక లెక్క శక్తిని సరిగ్గా ఇవ్వకపోయినా, ఏ ఆర్బిటాల్ ముఖ్యమో చెప్పడానికి సాధారణంగా సరిపోతుంది. హైడ్రోజన్‌నే సాగదీసి చూడండి. రెండే అణు ఆర్బిటాల్స్‌తో లెక్కిస్తే, మామూలు బంధ దూరంలో ఎంట్రపీ చాలా చిన్నది. పరమాణువులు పూర్తిగా విడిపోయేసరికి 0.693. ఒకే చిత్రంతో అణువును చెప్పే పద్ధతి కూలిపోతోందని ఆ అంకె మొహం మీదే చెబుతుంది. క్రోమియం జంటలో 3డీ, 4ఎస్ ఆర్బిటాల్స్ పన్నెండు, ఎలక్ట్రాన్లు పన్నెండు. స్పిన్లు చెరి సగం చేసి అమర్చితేనే 8,53,776 అమరికలు. ఇంతమందిలో ముఖ్యులెవరో కంటిచూపుతో ఏరుతానంటే ఎవరు నమ్మాలి?

రెండో తప్పు కూడా ఉంది, దానిమీదా నాకు అంతే కోపం. ఎంటాంగిల్‌మెంట్ (క్వాంటం ముడి) అన్న మాట మెరుస్తుంది కాబట్టి ఏ అంకె వచ్చినా దానికి ఆ పేరు తగిలించేవాళ్లు బయల్దేరారు. అదే హైడ్రోజన్, అదే హార్ట్రీ-ఫాక్ స్థితి: అణు ఆర్బిటాల్స్‌లో కొలిస్తే సున్నా, రెండు పరమాణువుల ఆర్బిటాల్స్‌లో కొలిస్తే 1.386! అణువు మారలేదు, మనం చూసే కోణం మారింది. ఏ ఆర్బిటాల్స్‌లో కొలిచారో చెప్పని అంకెకు అర్థం లేదు. క్రిస్టియన్ షిల్లింగ్ బృందం 2021లో ఇంకో మాట తేల్చింది. ఎలక్ట్రాన్ల సంఖ్య విషయంలో ప్రకృతి పెట్టిన నియమాలను పాటిస్తే, తాము లెక్కించిన అణువుల్లో అణు ఆర్బిటాల్స్ మధ్య మొత్తం సహసంబంధంలో ఎక్కువ భాగం క్లాసికల్‌దే. అసలైన ఎంటాంగిల్‌మెంట్ కొంచెమే. ఈ మాట చేదుగా ఉందని దాచిపెట్టకూడదు. దీనివల్ల కొలత విలువ తగ్గదు, దాని పేరు సరిచేయాలి, అంతే.

క్వాంటం కంప్యూటర్లు వస్తున్నాయి, అణువుల లెక్కలు అవే తేలుస్తాయి అంటున్నారు. 2023లో కేంద్రం ఆమోదించిన జాతీయ క్వాంటం మిషన్ విలువ ఆరు వేల కోట్ల రూపాయల పైమాట. యంత్రం ఎంత గొప్పదైనా దానికి అందించే ఆర్బిటాల్స్‌ను మనమే ఏరాలి. ఏరిక తప్పితే జవాబూ తప్పుతుంది, ఖరీదుగా తప్పుతుంది.

పరిశోధక విద్యార్థులారా, మీ చేతికి వచ్చే ప్రతి పత్రంలో ఆర్బిటాల్స్ ఎంట్రపీ పట్టిక ఉందో లేదో, ఏ ఆర్బిటాల్స్‌లో కొలిచారో రాశారో లేదో చూడండి. లేకపోతే అడగండి. రాసినవారు ఎంత పెద్దవారైనా సరే, అడగండి.